పెంటకుప్ప గొడుగులు, అత్తవారింటి ‘సరే’

మా అత్తగారింట్లో నా మాటకు ‘కాదు’ అన్నవాళ్లు లేరు. పెళ్లయిన నాటి నుంచీ నేను ఏం చెప్పినా ‘సరే బావా’, ‘సరే అన్నా’ అనే వింటున్నాను. బావి చుట్టూ గోడ కట్టించండి అన్నాను. సరే అన్నారు. చాలా ఏళ్ల తరవాత అందులో ఒక దూడ పడింది. అప్పుడు కట్టించారు, అదీ ఊళ్లో మేస్త్రీ చెప్పాడని. అల్లుడి మాట కొట్టేస్తే అమర్యాద, పాటిస్తే పని. ఈ రెంటికీ మధ్య వాళ్లు వేసుకున్న కాలిబాటే ఆ ‘సరే’.

ఇప్పుడు చెప్పబోయేది శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన మూడో ఏడో నాలుగో ఏడో జరిగింది. డైరీ తీస్తే తేదీ దొరుకుతుంది. కానీ ఆ శ్రావణమాసం తలుచుకుంటే నాకు తేదీ కంటే ముందు తలనొప్పి వస్తుంది.

నా ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పాలి. రాజేంద్రనగర్ వైపు మొక్కల తెగుళ్లను పరిశీలించే ఒక ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాను. నేను శాస్త్రవేత్తను కాను. శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన బూజులనూ పుట్టగొడుగులనూ ఎండబెట్టి, పొట్లం కట్టి, చీటీ రాసి, బీరువాలో సరైన అరలో పెట్టడం నా పని. అయితే ఒక మనిషి జీవితమంతా చీటీలు రాస్తే ఆ చీటీల మీద ఉన్నది కొంతైనా తలకెక్కుతుంది కదా. ఈ సంగతి మా ప్రయోగశాలలో అందరూ ఒప్పుకున్నారు. మామిడిపల్లిలో ఒప్పుకోలేదు.

విమానాశ్రయం పక్కనే ఉన్న ఆ మామిడిపల్లిలో మా అత్తగారు, ఆమె కొడుకు, కోడలు ఉండేవారు. ఆ కొడుకు నా భార్యకు తమ్ముడు, నాకు బావమరిది. వాళ్ల పొలంలో కొంత ప్లాట్లుగా పోయింది, మిగిలినదాంట్లో గడ్డి వేసి ఒక ఆవునూ ఒక బర్రెనూ సాకుతున్నాడు. మంచివాడు. తల్లి అంటే ప్రాణం. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ ఏడు ఆషాఢంలో మా అత్తగారికి జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతో పాటు నోటి రుచీ పోయింది. అంతకు ముందే గుండెకు మాత్రలు వేసుకుంటోంది. శ్రావణం రాగానే ఇంట్లో మాంసం వండడం మానేశారు. ఇక ఆమె ఏదీ ముట్టదు. గంజి పెడితే పక్కన పెడుతుంది, పప్పు పెడితే కెలికి వదిలేస్తుంది. ఒక్కటే అడిగింది: పుట్టగొడుగుల కూర. శ్రావణంలో మాంసం మీద మనసు పోయినవాళ్లకు మా వైపు అదే దిక్కు. ఉరుములు ఉరిమి రెండు వానలు పడితే గట్ల మీది చెదపుట్టల్లోంచి తెల్లగా లేచేవి. దొరికినవాళ్లు ఆ చోటు పక్కింటివాళ్లకు కూడా చెప్పేవాళ్లు కాదు. ఇప్పుడు దాచడానికి చోటే లేదు. గట్లు పోయాయి, పుట్టలు పోయాయి, జేసీబీలు చదును చేసిన చోట రాళ్లు పాతి రంగులు వేశారు.

ఆ శ్రావణంలో మొదటి ఆదివారం నేనూ నా భార్యా బుద్వేల్‌లోని మా ఇంటి నుంచి ఆమెను చూడటానికి వెళ్లాం. గడపలో కాలు పెట్టకముందే బావమరిది ఎదురొచ్చాడు.

“బావా, దొరికినయ్!”

“ఏం దొరికినయ్?”

“అమ్మ అడిగినవే. యాడికో పోవుడెందుకు, మనింట్లనే ఉన్నయ్. రా, సూపిస్త.”

పశువుల కొట్టం వెనక పెంటకుప్ప దగ్గరికి తీసుకెళ్లాడు. రాత్రి వానకు కుప్ప నల్లగా నాని ఉంది. దాని మీద, పక్కన ఎండీ ఎండని పేడకడుల మీద, గుంపులు గుంపులుగా సన్నటి గొడుగులు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటి మేకపిల్ల మెడలో కట్టే గంట అంత. నేను వంగి చూశాను. నా మోకాళ్లు నొప్పి పుట్టేదాకా చూశాను. పేరు తెలియడానికి అంతసేపు అక్కరలేదు, కానీ చూడకుండా చీటీ రాసే అలవాటు నాకు లేదు.

అవి పానియోలస్ అనే జాతివి. తెలుగులో వాటికి ప్రత్యేకంగా పేరున్నట్టు నేను వినలేదు, అన్నిటికీ కలిపి కుక్కగొడుగులు అనేస్తాం. పశువుల పేడ ఉన్నచోట వానలో ఇవి రాని ఊరు లేదు. గొడుగు విప్పుకోదు, గంటలాగే ఉండిపోతుంది. తడిగా ఉన్నప్పుడు ముదురు గోధుమ రంగు. ఎండ తగలగానే నడినెత్తి నుంచి ఆరుతూ బూడిద రంగుకు వస్తుంది. అంచు మాత్రం ఇంకా తడిగానే ఉండి, నల్లటి గీత చుట్టినట్టు కనిపిస్తుంది. కాడ పొడుగు, సన్నం, గట్టిగా ముట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. కాడకు ఉంగరం లేదు, అడుగున తొడుగు లేదు. అసలు గుర్తు గొడుగు కింద ఉంటుంది. అక్కడ రేకుల్లా వేలాడే మొప్పల మీద, విత్తనాల్లాంటి సిద్ధబీజాలు అన్నీ ఒక్కసారి పండవు. ఒకచోట పండి నల్లబడితే పక్కన ఇంకా పచ్చిగా బూడిద రంగులో ఉంటాయి. అందుకని మొప్పలు మచ్చలు మచ్చలుగా, పొడల మేకలాగా ఉంటాయి. మొప్ప అంచు మాత్రం తెల్లగా, దారం కుట్టినట్టు. పేడ మీదే వచ్చే సిరాగొడుగులు సాయంత్రానికి కరిగి నల్లటి నీళ్లవుతాయి. ఇవి కరగవు, నిలబడే వాడిపోతాయి.

ఇవన్నీ బావమరిదికి చెప్పాను. ఒక గొడుగు తిప్పి చూపించాను. ఈ జాతిలో కొన్ని కడుపు చెడగొడతాయి, కొన్ని తలకెక్కి గోడలు కదులుతున్నట్టు చేస్తాయి, ఏది ఏదో కంటితో తేల్చడం ప్రయోగశాలలో పెద్దవాళ్లకే కష్టమయ్యేది, జ్వరం పడి లేచిన గుండెజబ్బు మనిషికి ఒక్క వాంతి చాలు అని చెప్పాను.

“కుక్కగొడుగులైతే కుక్కలు కాలెత్తిన కాడ వస్తయ్ బావా. గివి ఆవుపెండ మీద వచ్చినయ్.”

“అయితే?”

“పెండ తోని ఇల్లు అలుకుతం, వాకిట్ల సాన్పి చల్లుతం. పురుగు పుట్రా రాదు. గంత పవిత్రమైన దాని మీద మొలిసింది విషమెట్లైతది?”

“ఒరేయ్, ఇందులో సగం బర్రె పెండ.”

“బర్రెది నేను ఏరలె. ఆవుదే ఏరిన.”

“ఏదైనా తినేది కాదురా.”

“షాపుల డబ్బాల అమ్మేటియి గూడ ఎరువు మీదనే పెంచుతరట గద?”

ఆ ఎరువును మగ్గబెట్టి, ఆవిరి పట్టి, అందులో విత్తనం వేసి పెంచుతారని, అది వేరే జాతి అని, ఎరువు మీద వంకాయా వస్తుంది, ఉమ్మెత్తా వస్తుంది అని వివరించాను. ఉమ్మెత్త ఉదాహరణ బాగా కుదిరిందనుకున్నాను.

“సరే బావా,” అన్నాడు.

అది బావి గోడకు అన్న ‘సరే’.

అందుకని కళ్లకు కనిపించే రుజువు ఒకటి చూపించాలనుకున్నాను. గొడుగులు కొన్ని పొట్లం కట్టుకుని ఇంటికి తెచ్చాను. సిద్ధబీజాల అచ్చు తీయడం కష్టమైన పనేం కాదు. కాడ కోసేసి, గొడుగును మొప్పలు కిందికి వచ్చేట్టు తెల్లకాగితం మీద బోర్లించి, గాలి తగలకుండా పైన ఒక గిన్నె మూసి వదిలేస్తే తెల్లారేసరికి బీజాలు రాలి, మొప్పల ఆకారంలో అచ్చు దిగుతుంది. ఏ రంగు దిగిందన్నదే ముఖ్యం. ఇందులో మనిషి చేయాల్సింది ఒక్కటే, కదపకుండా ఉండటం. మా ఇంట్లో జరగనిది కూడా అదొక్కటే.

మొదటిసారి మా ఆవిడ పొద్దున్నే లేచి శనగలు నానబెట్టడానికి సరిగ్గా ఆ గిన్నే తీసింది. గిన్నె తీసి ఊరుకోలేదు, కింద ఉన్నదాన్ని చెత్త అనుకుని కాగితంతో సహా బయట పడేసింది.

“ఇంట్ల గిన్నెలే లేవా?” అన్నాను.

“ఉన్నయ్. నువ్వు మూతలేసి పెట్టుకుంటివి గద. ఏందయ్యా, గది నేను అన్నం తినే వంటిల్లు, నీ ఆఫీసు గాదు.”

రెండోసారి గిన్నె దొరకక సగం పగిలిన గాజు మూత పెట్టాను. కరెంటు పోయింది కదా, ఫ్యాను తిరగదులే అనుకున్నాను. అది వచ్చాక తిరిగిన సంగతి నిద్రలో నాకు తెలియదు. తెల్లారి చూస్తే కాగితం మీద అచ్చు లేదు, పొయ్యి ఊదినట్టు మసి పాకింది. మూడోసారి పాత ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను.

“బంగారం దాసినట్టు దాస్తున్నవు,” అంది మా ఆవిడ. “ఇంట్ల ఉప్పు అయిపోతే డైరీల రాయవు గని, కుక్కగొడుగు ఏ రంగు రాల్సిందో రాస్తవు.”

“మీ అమ్మ కోసమే.”

“అమ్మకు నోరు సచ్చిపోయిందయ్యా. మా తమ్ముడు గా పెండ మీదియి గాకపోతే ఇంకేం తెచ్చి పెడతడు?” అంది. నేను ట్రంకుపెట్టె తాళంచెవి జేబులో వేసుకున్నాను.

మూడోసారి అచ్చు బ్రహ్మాండంగా దిగింది. నల్లగా, కాటుక నలుపు, నడిమి నుంచి అంచుకు సన్నటి గీతలు. ప్రయోగశాలలో అయితే దీని మీద ఒక చుక్క గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి సూక్ష్మదర్శినిలో చూసేవాళ్లు. దీన్ని పోలిన మరో జాతి బీజాలు ఆమ్లంలో రంగు వెలిసిపోతాయి, పానియోలస్‌వి వెలిసిపోవు. బుద్వేల్‌లో నాకు ఆమ్లం లేదు, సూక్ష్మదర్శినీ లేదు. నా దగ్గర ఉన్నది ఒక తెల్లకాగితం, ఒక బావమరిది.

అతను వారం మధ్యలో దాణా కొనడానికి మా వైపు వచ్చి, పెరుగు ఇచ్చిపోదామని ఇంటికి వచ్చాడు. కూర్చోబెట్టి కాగితం ముందు పెట్టాను.

“అబ్బ! ముగ్గు లెక్కనే ఉన్నది బావా!”

“ముగ్గు కాదు. నువ్వు ఏరిన గొడుగులోంచి దిగింది. పుట్ట మీది గొడుగైతే లేత గులాబీ రంగులో దిగుతది. ఇది నల్లగ దిగింది, చూసినవా?”

“గింత నలుపు దాని లోపటనే ఉండెనా?”

“ఉండె.”

“తెల్లారేసరికి దిగిందా?”

“దిగింది.”

“నువ్వేం జెయ్యలె? ఊకెనే బోర్లిచ్చి పెట్టినవు, అంతేనా?”

“అంతే.”

అతను కాగితాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. “సరే బావా,” అన్నాడు. కానీ ఈసారి నాకు సంతోషమేసింది. ఇన్నేళ్లలో నా మాట మీద అతను ఎదురు ప్రశ్నలు వేయడం అదే మొదలు. రుజువు పనిచేసింది, మనిషి ఆలోచనలో పడ్డాడు అనుకున్నాను. ఆ రోజు డైరీలో కూడా అలాగే రాశాను. ఆ పేజీ ఇప్పుడు చదివితే నాకు నా మీదే కోపం వస్తుంది.

తరవాతి ఆదివారం భోజనానికి రమ్మని కబురు చేశాడు. ఆ ఏడాది తెలంగాణ ఉద్యమంలో రోజు విడిచి రోజు బందే. బస్సు దొరకలేదు, రెండు ఆటోలు మారి, వానలో తడిసి చేరాం. దారిలో మా ఆవిడ కిటికీ లేని ఆటోలో కిటికీ వైపు చూస్తున్నట్టు ముఖం తిప్పుకుని కూర్చుంది. ఆమెకు ఏదో తెలుసని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

వాకిట్లోకి వెళ్లగానే వెల్లుల్లి, ధనియాల పొడి వాసన. వసారాలో అరుగు మీద దినపత్రికలు పరిచి, ఎగరకుండా ఇటుక ముక్కలు పెట్టి ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూశాను. పత్రిక నిండా నల్లటి చక్రాలు. నా కాగితం మీద దిగినట్టే, గీత గీతా తేటగా. విమానాశ్రయానికి కూతవేటు దూరంలో ప్లాట్లు అమ్ముతామన్న ప్రకటన మీద నాలుగు చక్రాలు, ఆ ప్రకటనలో నవ్వుతున్న సినిమా నటుడి బుగ్గ మీద ఒకటి. నిజం చెప్పాలంటే నావాటి కంటే బాగా దిగాయి.

“ఏందిరా ఇది?”

“నువ్వు చెప్పినట్లే జేసిన బావా!” అతని ముఖం వెలిగిపోతోంది. “రాత్రంత బోర్లిచ్చి పెట్టిన. నలుపంత పేపర్ల దిగిపోయింది, సూడు. ఒక్కదాన్ల గూడ ఇంచుకంత లేదు. ఇగ లోపట విషమేడిది?”

మామిడిపల్లిలో మొట్టమొదటిసారి ఒక మనిషి నేను చెప్పిన పద్ధతిని అక్షరం తప్పకుండా పాటించాడు. పాటించి, కూర వండించాడు.

“అది విషం కాదురా, దాని విత్తనం! మామిడికాయలోంచి టెంక తీస్తే మామిడికాయ మామిడికాయ కాకుండ పోతదా?”

“పోదు.”

“మరి?”

“కాయ తింటం గద బావా, టెంక పారేసి.”

వంటింట్లోంచి అతని భార్య గరిటెతో సహా బయటికొచ్చింది. ఆమె నాకు చెల్లెలి వరస. “నేను గూడ సూసిన అన్నా. వెల్లుల్లిపాయేసి ఉడికిచ్చిన, నల్లగ గాలె. మెట్టె తీసి ఏసిన, అది గూడ నల్లగ గాలె. ఇంక కోడికి పెట్టినం.”

“కోడి ఎక్కడ?”

“గదే, కొట్టం కాడ.”

కొట్టం దగ్గర ఒక ఎర్రకోడి గోడకు ఎదురుగా నిలబడి, గోడనే చూస్తోంది. నేను ఎంతసేపు చూసినా అది గోడ మీంచి చూపు తిప్పలేదు.

“అదెందుకట్ల చూస్తున్నది?”

“అది ఎప్పుడు గట్లనే సూస్తది అన్నా. దానికి జర తిక్క.”

వెల్లుల్లి గురించి, వెండి గురించి, కోడి గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. వెల్లుల్లికి విషాన్ని పట్టే శక్తి లేదు. కోడికి పడింది మనిషికి పడాలని లేదు. నా గొంతు పెరిగింది. మధ్యలో ఒక విమానం ఇంటి కప్పు మీంచి దిగింది, ఆ మోతకు నేను ఆగాల్సి వచ్చింది. ఆ ఊళ్లో వాదన చేయడానికి అదొక అడ్డంకి. సరిగ్గా గట్టి మాట దగ్గర ఆకాశం అడ్డొస్తుంది. మోత తగ్గాక మళ్లీ మొదటి నుంచీ చెప్పాను.

బావమరిది శ్రద్ధగా విన్నాడు. అంతా విని, చాలా మర్యాదగా, “సరే బావా. నువ్వు తినకు. నీకు టమాట పప్పు జేపిచ్చిన,” అన్నాడు.

నా భార్య వైపు చూశాను. “అమ్మ పొద్దట్నుంచి ఏం ముట్టలేదట. గిది ఉన్నదని కూసున్నది,” అంది గోడ వైపు చూస్తూ. ఆ ఇంట్లో ఆ పూట అందరూ గోడనే చూస్తున్నారు.

వంటింటి తలుపు పక్కన మా అత్తగారి చీర అంచు కనిపిస్తోంది. ఆమె పాతకాలపు మనిషి. అల్లుడి ఎదుటికి రాదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. పెళ్లి నాటి నుంచీ తలుపు చాటు నుంచి కూతురి ద్వారానే. “అల్లునికి మంచినీళ్లు ఇచ్చినవానే?” “అల్లుడేమంటుండే?” ఇలాగే మా మాటలన్నీ. అప్పుడు కూడా అంతే. తలుపు చాటున పీట వేసుకుని, ఒళ్లో చిన్న గిన్నె పెట్టుకుని కూర్చుంది. ఎన్నో రోజుల తరవాత ఆమెకు ఆకలి వేసింది.

నాకు పీట వేశారు, కంచం పెట్టారు, పప్పు వడ్డించారు. అందరూ నిలబడ్డారు. ఆ ఇంటి పద్ధతి అది. అల్లుడు వచ్చిన రోజు అల్లుడు ముద్ద నోట్లో పెట్టనిదే ఇంట్లో ఎవరూ తినరు. ఎన్నోసార్లు ఈ పద్ధతి మీద విసుక్కున్నాను, నేను తింటుంటే పదికళ్లు చూడటమేమిటని. మా అత్తగారైతే నేను మొదటి ముద్ద పెట్టుకునేదాకా గంజి కూడా తాగదు.

ముద్ద కలిపాను. కలిపినచోటే చేయి ఆగింది. నేను ఈ ముద్ద నోట్లో పెట్టుకున్న మరుక్షణం తలుపు చాటున ఆమె మొదలుపెడుతుంది.

కంచం ముందుకు నెట్టి లేచాను.

“నేను పప్పు కూడ తినను.”

నేను వాకిట్లోకి వెళ్లి, కొట్టం వసారాలో ఉన్న నులకమంచం మీద వాళ్లకు వీపు పెట్టి కూర్చున్నాను. అంతసేపు శాస్త్రం చెప్పాను, ఎవరూ కదల్లేదు. ఇప్పుడు ఇల్లంతా కదిలింది.

“అల్లుడెందుకు లేసిండే?” తలుపు చాటు గొంతు.

“అలిగిండమ్మా,” అంది నా భార్య. తరవాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “ఏందయ్యా, గీ వయసుల! రిటైరైనంక అలుగుతరా ఎవలన్న?”

“నన్ను చూడకు. పోయి ఆ గిన్నెను చూడు.”

బావమరిది వచ్చాడు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. “బావా, తప్పైతే చెప్పు. పంచెలు తేవాల్నా? పోయిన పండుగకు పెట్టలేదని మనసుల పెట్టుకున్నవా?”

“కూర పారెయ్.”

“గది గాక.”

పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టింది. “ఏమైందొదినే?”

“అన్న అలిగిండు,” అంది బావమరిది భార్య.

“అయ్యో! మటన్ వండలేదనా?”

“శ్రావణమాసమాయె!”

“గదే మరి, గందుకే అలిగిండు.”

నేను ముఖం తిప్పలేదు. ఎదురుగా ఎర్రకోడి నిలబడి ఉంది. జీవితమంతా క్రమంగా, పద్ధతిగా బతికిన మనిషిని, ఒక కోడితో పాటు గోడ చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. నా చొక్కా జేబులో తెల్లకాగితం మీద కాటుకలాంటి రుజువు ఉంది. దాని విలువ ఆ ఇంట్లో ముగ్గు.

కర్ర చప్పుడు వినిపించింది. మా అత్తగారు వాకిట్లోకి వస్తోంది. కొంగు తల మీదికి లాక్కుని, మంచానికి కొంచెం దూరంలో ఆగింది. కూతురిని పిలవలేదు. నాతోనే మాట్లాడింది.

“పెండ్లిల అలుగమంటె అలుగకపోతివి.”

నేను లేచి నిలబడ్డాను. పెళ్లిలో అలకపాన్పు మీద కూర్చోబెట్టి, ఏం కావాలో అడగమన్నారు. అలాంటి అడుక్కునే ఆచారాలు నాకు గిట్టవని, ఏమీ వద్దని లేచిపోయాను. గొప్ప పని చేశాననుకున్నాను.

“గడియారం తెప్పిచ్చి కొంగున ముడేసుకోని కూసున్న. నువ్వు అడుగుతవు, ఇద్దామని. అడుగకపోతివి. మా ఇంట్ల అడిగేంతదేమున్నదనుకున్నవో అని గప్పట్నుంచి మనసుల ఉండె.” ఊపిరి తీసుకోవడానికి ఆగింది. “ఇన్నొద్దులకు అలిగినవు. ఏం గావాలె? అడుగు.”

“ఆ కూర గిన్నె కావాలె అత్తమ్మా.”

“తింటవా?”

“పారబోస్త.”

ఆమె నన్ను చూసింది. కొడుకును చూసింది. “వాడు నా కోసమే ఏరిండు,” అంది.

“తెలుసు.”

“నాకు ఆకలైతున్నది.”

“తెలుసు అత్తమ్మా.”

ఇంకొక విమానం వచ్చింది. అది పోయేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. మోత తగ్గాక ఆమె వెనక్కి తిరగకుండానే, “గిన్నె అల్లునికియ్యుండ్రి,” అంది. కొడుకు ఏదో అనబోయాడు. “అడిగిండు. ఇచ్చుడే,” అంది.

గిన్నె పట్టుకెళ్లి పెంటకుప్ప పక్కన గుంట తవ్వించి, నేనే పారబోసి, మట్టి కప్పాను. కోడిని దూరంగా తోలాను. అది మామూలుగానే పరిగెత్తింది. తిక్క సంగతి నిజమేనేమో, నాకు తెలియదు. తరవాత కూర్చుని టమాట పప్పుతో అన్నం తిన్నాను. మా అత్తగారు తలుపు చాటున అదే పప్పుతో రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టింది. ఆ గిన్నె నేలకు తగిలిన చప్పుడు నాకు వినిపించింది. బయలుదేరుతుంటే కూతురితో చెప్పింది, నాకు వినబడేట్టుగా: “అల్లుడు అడిగింది ఇచ్చినం. ఇగ నేనడిగింది అల్లుడే తేవాలె.”

అలా నా నెత్తి మీద పడింది. తరవాతి రోజుల్లో వాన వెలిసినప్పుడల్లా గొడుగు పట్టుకుని గొడుగుల కోసం తిరిగాను. గట్లు కనిపిస్తే దిగాను, కుక్కలు తరిమితే ఎక్కాను. చివరికి రావిర్యాల దారిలో చింతచెట్టు కింద ఒకామె మోదుగాకు దొప్పలో నాలుగే నాలుగు పుట్టగొడుగులు పెట్టుకుని కూర్చుంది. నడిమిన మొన తేలిన పెద్ద గొడుగులు, కింద తెల్లటి మొప్పలు, పుట్ట లోపలి దాకా దిగిన పొడుగాటి వేరు తెగకుండా ఉంది. ఎక్కడివని అడిగితే, “కొంటవా, పుట్ట జూస్తవా?” అంది. కొన్నాను.

ఒకదాన్ని ట్రంకుపెట్టెలో బోర్లించాను. “అచ్చులేసుకుంట కూసుంటె మిగిలినయి పురుగులు పట్టిపోతయ్,” అని మా ఆవిడ పోరింది. లేత గులాబీ రంగు దిగేదాకా నేను కదల్లేదు. దిగాక పొద్దున్నే పట్టుకుని వెళ్లాం. మా అత్తగారు తలుపు చాటునే కూర్చుని తిన్నది, గిన్నె ఖాళీ చేసింది. నేను చెవి అటే పెట్టుకుని కూర్చున్నాను.

“ఉప్పు తక్కువైందని చెప్పవే అల్లునికి,” అంది కూతురితో.

ఆ తరవాత నాతో ఆమె మళ్లీ నేరుగా మాట్లాడలేదు. ఆ ఇంట్లో నాకు మాత్రం కొత్త హోదా వచ్చింది. పీట వేసిన ప్రతిసారీ బావమరిది ముందు నా ముఖం చూసి, “బావా, అలుగలేదు గద?” అని అడిగి గానీ వడ్డించనివ్వడు. పానియోలస్ ఎవరికీ గుర్తు లేదు. మచ్చల మొప్పలు, తెల్లటి అంచు, కాటుక నలుపు ఏవీ గుర్తు లేవు. మటన్ వండలేదని అలిగిన అల్లుడు అని ఊరంతా గుర్తుంది.

మరుసటి ఏడు ఒకరోజు బావమరిది ఫోన్ చేశాడు. అమ్మ కోసం శంషాబాద్‌లో షాపు నుంచి డబ్బాలో పుట్టగొడుగులు తెచ్చాడట.

“అవి తినచ్చు. వండుకోండి,” అన్నాను.

“ఊకెనే ఎట్ల వండుత బావా? నువ్వు చెప్పినట్లే రాత్రంత పేపర్ మీద బోర్లిచ్చి పెట్టిన. విప్పారినయి బోర్లిస్తే నల్లగ గాదు, చాక్లెట్ రంగుల దిగింది. వీటిల విషం సగమే ఉన్నట్టున్నది.”

నోరు తెరిచాను. మొదటి నుంచీ చెప్పడానికి ఊపిరి కూడా తీసుకున్నాను. అవతల విమానం మోత మొదలైంది. అది పోయేదాకా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాను.

“బావా, ఉన్నవా? వండాల్నా?”

“సరే,” అన్నాను.

ఫోన్ పెట్టేసి డైరీ తీశాను. ఆ జాతికి సరిగ్గా ఆ రంగే దిగుతుంది. చూసింది మాత్రం తప్పు లేకుండా చూశాడు.